ఇద్దరు రాములు, ఒక్క పేరు

"ఆ కాయిదం నా ముంగట పెట్టద్దను. తీస్కపొమ్మను," అన్నాడు పెద్దరాములు, అన్నం కలుపుతూనే.

కనకమహాలక్ష్మి చేతిలో కాగితంతో గడప దగ్గరే ఆగిపోయింది. ఆమె పెద్దరాములు తమ్ముడు చిన్నరాములు భార్య. బావగారు తనతో నేరుగా మాట్లాడి ఐదు రోజులైంది. ఏం చెప్పాలన్నా మధ్యలో ముత్యమ్మ ఉండాలి. ఇప్పుడూ ముత్యమ్మే ఉంది, చేతిలో పప్పు గరిటెతో.

"పిల్ల నీ ఎదురుంగనే ఉన్నది. నీకు నోరు లేదా, నువ్వే చెప్పు," అంది ముత్యమ్మ భర్తతో.

"నా మాట ఇనేటోళ్ళు ఈ ఇంట్ల ఎవ్వలున్నరు?"

పెరట్లోని రేకుల షెడ్డు నుంచి తాపీ చప్పుడు వినిపించింది. ఆదివారమైనా మేస్త్రీ వచ్చాడు. షెడ్డు నడుమ గోడ అప్పుడే మోకాలెత్తు లేచింది. ఇటువైపు వెల్డింగు, అటువైపు పాలిషు. ముత్తంగిలో ఇరవై ఏళ్ళుగా మందుల కంపెనీలకు స్టీలు ట్రాలీలు, డ్రమ్ములు చేసి పంపుతున్న రాములు ఇంజనీరింగ్ వర్క్స్ రెండు ముక్కలవుతోంది.

తల్లి ఇద్దరు కొడుకులకూ ఒకే దేవుడి పేరు పెట్టి, పెద్దోడు చిన్నోడు అని పిలుచుకుంది. బోర్డు మీది రాములు ఇద్దరిలో ఎవరని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అడిగారు. అడిగినవాడు ఏ దేశంలో ఉంటాడో కూడా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"మీరు వినకపోయినా అక్క వింటుంది బావగారూ. చదువుతాను," అంది కనకం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసుకుంటూ చదివింది. "'మీ ఊరి నుంచి మా డైరెక్టరీలో చేర్చమని రెండు వెబ్‌సైట్లు వచ్చాయి. రెండింటి పేరూ ఒకటే, చిరునామా ఒకటే. ఫోటోలూ మాటలూ కూడా అవే. రెండింటికీ యజమాని రాములే. ఇవి ఒకరివే అయితే ఏది అసలుదో చెప్పండి, దాన్నే చేర్చుకుంటాను. ఇద్దరివైతే, ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఏమిటో ఇరవై అయిదు మాటల్లో రాయండి. పది రోజుల్లో జవాబు రాకపోతే రెండూ తీసేస్తాను.'"

పెద్దరాములు కంచంలోనే చెయ్యి కడిగేశాడు. సగం అన్నం అలాగే ఉంది.

"అసలుది ఏదో నీ మొగన్నే రాసుకోమను," అన్నాడు గోడకేసి చూస్తూ, కండువా దులిపి బయటికి వెళ్ళిపోయాడు.

ముత్యమ్మ కంచం తీసి పక్కన పెట్టి, పీట లాగి తోడికోడలిని కూర్చోమంది.

"ఇగ నాకు మొదటికెల్లి చెప్పు బిడ్డా. గా డైరెక్టరీ అంటే ఏంది? దాంట్ల పేరుంటే ఏమైతది?"

"టెలిఫోను పుస్తకం లాంటిది అక్కా, కంప్యూటర్లో ఉంటుంది. ఏ ఊళ్ళో ఎవరు ఏ పని చేస్తారో వరసగా రాసిపెడతారు. అందులో మన పేరు ఉందనుకో, ఇంటర్నెట్టులో వెతికిపెట్టే ఇంజనుకు మన మీద గురి కుదురుతుంది. ఇప్పుడు స్టీలు ట్రాలీలు అని ఎవరైనా వెతికితే మనం తొమ్మిదో పేజీలో ఉన్నాం. తొమ్మిదో పేజీ దాకా ఎవరొస్తారు చెప్పు? ఆ డైరెక్టరీలో చేరితే మెల్లగా పైకొస్తాం."

ఇదంతా ఎందుకు మొదలైందో ముత్యమ్మకు తెలుసు. ఆరు నెలల కింద బొల్లారం కంపెనీ పర్చేజు సారు చెప్పాడు, ఇకమీదట తమ బొంబాయి హెడ్డాఫీసువాళ్ళు ఇంటర్నెట్టులో వెతికి నచ్చినవాళ్ళనే పిలుస్తారని. అప్పుడే కనకం రాత్రింబవళ్ళు కూర్చుని సైటు తయారు చేసింది, డైరెక్టరీకి పంపింది. అన్నదమ్ములకు చెడగానే పెద్దరాములు పటాన్‌చెరులో ఇంటర్నెట్ సెంటరు నడిపే త్రినాథరావు దగ్గరికి పోయి, అవే పేజీలను ఇంకో పేరు మీద పెట్టించి, తనూ పంపించాడు.

"అడిగింది మిషనా, మనిషా?" అంది ముత్యమ్మ.

"మనిషే అక్కా. జీతం కూడా ఉండదట. ఇష్టం కొద్దీ చేస్తారట. ఒక్కొక్క సైటూ తెరిచి, కళ్ళతో చూసి మరీ చేర్చుకుంటారు."

"మనిషి గాబట్టే అడిగిండు," అంది ముత్యమ్మ. "నేను ఎన్నడో అడగాల్సిన మాట."

---

అన్నం డబ్బా పట్టుకుని ఆమె షెడ్డులోకి పోయేసరికి చిన్నరాములు ఒక్కడే పాలిషు మిషను ముందు వంగి ఉన్నాడు. కనుబొమ్మల మీద, మీసాల మీద తెల్లటి పొడి. వదినెను చూసి మిషను ఆపాడు.

"దాటకు వదినె. గోడ పచ్చిగున్నది, చీర ఖరాబైతది."

"చీర పోతే పోయింది," అంటూ ముత్యమ్మ గోడ దాటింది. "మంగళారం సంది మా పొయ్యి మీది బువ్వ నీకు చేదైందా?"

"గట్లనకు వదినె."

"మరి తిను."

అతను చేతులు కడుక్కుని వచ్చి కింద కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక ఆమె అడిగింది.

"చిన్నోడా, ఒక్కటి చెప్పు. మీ అన్న పనికి, నీ పనికి తేడా ఏంది?"

"తేడా ఏముంటది? అన్న అతుకుతడు. నేను రుద్ది మెరిపిస్త."

"అతకకుంటే రుద్దుతవా?"

"ఏం రుద్దాలె?"

"రుద్దకుంటే కంపెనోళ్ళు కొంటరా?"

"కొనరు."

"మరి ఈ గోడేంది?"

చిన్నరాములు ముద్ద డబ్బాలోనే వదిలేశాడు. "గోడ నేను కట్టిస్తున్ననా వదినె? పనోళ్ళందరి ముంగట అన్న నన్ను పేరు దొంగ అన్నడు. పేరు దొంగ. నేనేం దొంగిలిచ్చిన? నా పేరు గూడ రాములే గద."

ముత్యమ్మ కొంగుతో అతని కనుబొమ్మల మీది పొడి తుడిచింది.

ఆమె ఈ ఇంటికి వచ్చేనాటికి ఈ చిన్నరాములుకు ఏడేళ్ళు. అన్న వెల్డింగు చేస్తుంటే ఆ నీలిమంట వైపు కన్నార్పకుండా చూస్తూ పొద్దంతా కూర్చునేవాడు. ఒకనాడు కళ్ళు వాచిపోయి, ఇసుక పోసినట్టు మండుతున్నాయని గోల పెట్టాడు. పెద్దరాములు పని బంద్ పెట్టి, ఆలుగడ్డ చక్రాలు కోసి తమ్ముడి కళ్ళ మీద పెడుతూ, ఎండిపోయినవి మారుస్తూ, రెండు రోజులు మంచం పక్క నుంచి లేవలేదు. ఆ తరవాత తమ్ముణ్ణి ఎప్పుడూ మంట దగ్గరికి రానివ్వలేదు. "నువ్వు పాలిషు నేర్చుకో, నీ కండ్లు నాకు గావాలె," అన్నాడు. పాలిషు పని చిన్నరాములుకు వచ్చింది అట్లా.

అదంతా ఇతనికి గుర్తుందో లేదో. ఆమె గుర్తు చేయలేదు.

"ఆ డైరెక్టరీ ఆయనకు ఏం జవాబు రాస్తవ్?" అంది.

"ఆలోచన చేస్తున్న," అన్నాడు అతను. డబ్బా మూత పెట్టి ఆమె చేతికిచ్చి, మళ్ళీ మిషను ముందుకు పోయాడు.

---

పొద్దు వాలుతుండగా పెద్దరాములు ఇంటిముందు మంచం మీద కూర్చుని హైవే మీద పోయే లారీలను చూస్తున్నాడు. ముత్యమ్మ చాయ గిలాస తెచ్చి ఇచ్చి మంచం కోడు దగ్గర కూర్చుంది.

"తమ్మున్ని దొంగ అన్నవంట."

"అన్న."

"ఎందుకన్నవ్?"

చాయ మీద మీగడ కట్టింది.

"గా సైటు నువ్వు చూసినవా?" అన్నాడు చివరికి.

"నాకేం దెలుస్తది?"

"నేను చూసిన. త్రినాథరావు సెంటర్ల. పక్కన బొల్లారం పర్చేజు సారు గూడ ఉన్నడు. ముందుగాల పెద్ద ఫోటో వచ్చింది. చిన్నోడు ట్రాలీ మీద చెయ్యేసి నవ్వుకుంట నిలబడ్డడు. సారు అడిగిండు, 'దీంట్ల నువ్వు ఏడున్నవ్ రాములూ?' అని. నేను చూపెట్టిన. ఎనక మూలకు వంగి వెల్డింగు చేస్తున్న. మొకానికి మాస్కు." అతను గిలాస కింద పెట్టాడు. "సారు నవ్విండు. 'ఓ, నువ్వేనా? హెల్పరు అనుకున్న,' అన్నడు."

ముత్యమ్మ తల ఎత్తి భర్తను చూసింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి. మాస్కు కింద దాగే ముఖం కాబట్టి బుగ్గలు మాత్రం ఎండ తగలని మనిషివిలా తెల్లగా ఉంటాయి.

"గీ మాట ఇంటికొచ్చి చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె? ఫోటోల నా మొకం లేదని ఏడ్వాల్నా?"

"ఏడిస్తే ఏమయ్యేది? కనకం ఇంకో ఫోటో పెడ్తుండె. ఏడ్వకుండ వాన్ని దొంగంటివి. గోడ పెట్టిస్తివి."

రోడ్డు మీద వరసగా మూడు ట్యాంకర్లు పోయాయి, గాలిలో మందుల కంపెనీల వాసన వదిలి.

"రేపు పొద్దుగాల కనకంతోని పోయి నేనే జవాబు రాయిస్త," అంది ముత్యమ్మ.

"ఏమని?"

"నాకు తోచినట్టు."

పెద్దరాములు వద్దనలేదు. చల్లారిన చాయ ఒక్క గుక్కలో తాగి గిలాస ఆమె చేతికిచ్చాడు.

ఆ రాత్రి ఫోటో సంగతి ముత్యమ్మ చెప్పగానే కనకం రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"ఆ ఫోటో ఎంచింది నేనే అక్కా. వెనకాల నిప్పురవ్వలు పూలు చల్లినట్టు పడ్డాయి. అందుకే పెట్టాను. ఆ రవ్వల్లో ఉన్నది బావగారని నాకు తెలుసు కదా. చూసేవాళ్ళకు తెలియదన్న సంగతే తట్టలేదు."

"నీ తప్పు కాదు బిడ్డా. ఇంట్లోళ్ళ కండ్లు గంతే. ఇగ రాసుకో."

ముత్యమ్మ చెప్తుంటే కనకం ఒక చిత్తు కాగితం మీద రాసింది, వేళ్ళతో మాటలు లెక్కపెట్టుకుంటూ. రాములు ఇద్దరు. పెద్దాయన అతుకుతాడు, చిన్నాయన మెరిపిస్తాడు. ట్రాలీ ఒక్కటే, దుకాణం ఒక్కటే. మొదటి సైటు ఉంచండి. రెండోది మా ఇంటి కొట్లాట వల్ల వచ్చింది.

"కొట్లాట సంగతి కూడా రాయాలా అక్కా?"

"నిజం అడిగిండు గద. రాయి. కింద నా పేరు పెట్టు."

---

సోమవారం ఎనిమిదింటికల్లా ఇద్దరూ షేరాటో ఎక్కి పటాన్‌చెరు బస్టాండు దగ్గర దిగారు. సెంటరు మేడ మీద ఉంది. అప్పుడే షట్టరు తీసిన త్రినాథరావు అగరుబత్తీ వెలిగిస్తున్నాడు. కోస్తా నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీలో పనిచేసి, ముందుగానే రిటైరై ఈ సెంటరు పెట్టుకున్నాడు.

"రండమ్మా. ఆ మూల కంప్యూటరు తీసుకోండి. దానికి నెట్టు బాగా వస్తోంది."

ముత్యమ్మ ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుంది. కనకం పాస్‌వర్డు కొట్టి మెయిలు తెరిచింది. తెరవగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏందే?"

"ఆయన దగ్గర నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది అక్కా. రాత్రి వచ్చింది. 'మీరు కోరినట్టే మొదటి సైటును తీసేసి, రెండోదాన్ని చేర్చుకున్నాను. పేజీలో కనిపించడానికి కొద్ది రోజులు పట్టవచ్చు. మీ అన్నగారికి నా శుభాకాంక్షలు.'" కనకం ముత్యమ్మ వైపు తిరిగింది. "మనమింకా రాయనే లేదు. కోరింది ఎవరు?"

కౌంటరు దగ్గర నుంచి త్రినాథరావు కనకంతో అన్నాడు, "నిన్న సాయంత్రం మీ ఆయన వచ్చాడు కదమ్మా. క్షవరం చేయించుకుని ఇటొచ్చాడు. గంటసేపు కూర్చున్నాడు. స్పెల్లింగులు నన్నడిగాడు. మీకు తెలిసే అనుకున్నాను."

పంపిన ఉత్తరాల్లో అది దొరికింది. ఐటీఐ ఇంగ్లీషు, పొట్టి పొట్టి వాక్యాలు. కనకం ఒక్కొక్కటీ తెలుగులో చెప్పింది.

"'అయ్యా, రెండో సైటు అసలుది. దాని యజమాని మా అన్న. నాకు పని నేర్పింది ఆయన. అన్నం పెట్టింది మా వదినె. మొదటి సైటు నా భార్య కష్టపడి చేసింది, చాలా బాగా చేసింది. కానీ అది తీసేయండి. మా అన్న పేరు పైన రావాలి. సోమవారం నుంచి నేను వేరే కంపెనీలో పనికి పోతున్నాను. కాబట్టి మీకు ఇక...'"

కనకం అక్కడ ఆగింది. మిగతా వాక్యం ఆమె చదవలేకపోయింది.

"ఇయ్యాల సోమారం," అంది ముత్యమ్మ.

"పాలిషు చక్రాలు తేవడానికి రాణిగంజ్ పోతున్నానన్నాడక్కా. ఏడింటికే వెళ్ళాడు. టిఫిన్ డబ్బా ఎందుకని అడిగాను కూడా. నవ్వి ఊరుకున్నాడు."

త్రినాథరావు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరి ముఖాలూ చూసి గొంతు తగ్గించాడు. "పాశమైలారంలో కొత్తగా డ్రమ్ముల కంపెనీ పెట్టారు కదమ్మా, అందులో పాలిషింగు సెక్షను అన్నాడు. కొత్తవాళ్ళను తొమ్మిదిన్నరకు లోపలికి తీసుకుంటారట. మూడేళ్ళ అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకుంటారట."

ముత్యమ్మ లేచింది. లేచినదల్లా మళ్ళీ కూర్చుంది.

"మనది గూడ పంపు కనకం."

"ఇప్పుడా అక్కా? ఆయన రెండోదాన్ని చేర్చేశాడు కదా."

"పంపు. అన్న తమ్మున్ని అడగలే. తమ్ముడు అన్నను అడగలే. నేను గూడ వాళ్ళను అడగ. పంపు."

కనకం కొంగుతో కళ్ళు తుడుచుకుని కీబోర్డు ముందుకు లాక్కుంది.

---

పెద్దరాములు షెడ్డులో పనిలో దిగబోతున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళూ పరుగున రావడం చూసి చేతిలోది కింద పెట్టాడు. ముత్యమ్మ చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

"నువ్వు చెప్పు అమ్మా," అన్నాడు కనకంతో.

ఆరు రోజుల తరవాత ఆమెతో అతను ఆడిన మొదటి మాట అది. కనకం తను రాసి తెచ్చుకున్న కాగితం విప్పి చదివింది. ఈసారి చివరి వాక్యం కూడా చదివింది. కాబట్టి మీకు ఇక రాములు ఒక్కడే.

"మల్ల సదువు."

ఆమె మళ్ళీ చదివింది. 'మా అన్న పేరు పైన రావాలి' అన్నచోట పెద్దరాములు దగ్గినట్టు చేసి పక్కకు తిరిగాడు. మేస్త్రీ ఇటుకల దగ్గర నిలబడి వీళ్ళ వైపే చూస్తున్నాడు.

పాశమైలారం కంపెనీ సంగతి, తొమ్మిదిన్నరకు లోపలికి తీసుకుని మూడేళ్ళకు సంతకం పెట్టించుకుంటారన్న సంగతి కూడా కనకం చెప్పింది.

"టైమెంతైంది?"

"తొమ్మిది దాటి పది నిమిషాలు, బావగారూ."

"అమ్మా కనకం, నువ్వు ఈడనే ఉండు. మేస్త్రీని ఇయ్యాల్టికి పొమ్మను." అప్పటికే అతను స్కూటరు స్టాండు తీస్తున్నాడు. ముత్యమ్మ అడగకుండానే వెనక ఎక్కింది.

"నువ్వెందుకు?"

"నువ్వొక్కనివే పోయి మల్ల ఏమంటవో."

పాశమైలారం గేటు దగ్గరికి చేరేసరికి కొత్తవాళ్ళు పదిహేను మంది దాకా లోపలి వరండాలో వరసలో ఉన్నారు. బీహారువాళ్ళు, ఒడిశావాళ్ళు, ఇద్దరు ముగ్గురు ఇక్కడివాళ్ళు. వాచ్‌మన్ ఇద్దరినీ గేటు బయటే ఆపాడు. "అందర్ నహీ జానా," అన్నాడు. పెద్దరాములు గేటు ఊచలు పట్టుకుని, "చిన్నోడా!" అని ఒక్క కేక వేశాడు. వరసలో చివర ఉన్న మనిషి వెనక్కి తిరిగాడు.

చిన్నరాములు గేటు దాకా నడిచి వచ్చాడు. కొత్తగా క్షవరం చేయించుకున్న మెడ ఎండలో తెల్లగా మెరుస్తోంది. ఊచలకు అటు తమ్ముడు, ఇటు అన్న. దారి పొడుగునా పెద్దరాములు ఏదో గొణుక్కుంటూనే వచ్చాడు, వెనక కూర్చున్న ముత్యమ్మకు ఆ మాటలు గాలికి సగం సగం వినిపించాయి. ఇప్పుడు వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అన్నాడు.

"తిన్న."

"అబద్ధమాడకు."

చిన్నరాములు నవ్వబోయాడు. నవ్వు సగంలో పోయింది. "అన్నా, నువ్వు ఇంటికి పో. ఎండ కొడ్తున్నది."

"నేనన్న మాట..."

లోపల నుంచి ఎవరో పిలిచారు. చిన్నరాములు అటు చూశాడు, మళ్ళీ అన్నను చూశాడు, వదినెను చూశాడు. "ఐదున్నరకు ఇడుస్తరంట," అని మాత్రం చెప్పి, గబగబా వరండా మెట్లెక్కి లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది.

రమ్మన్నాడో, వద్దన్నాడో ఆ మాటలో తెలియలేదు.

గేటుకు ఎదురుగా రోడ్డు కింది మోరీ మీద సిమెంటు దిమ్మె ఉంది. పెద్దరాములు పోయి దాని మీద కూర్చున్నాడు.

"నువ్వు ఆటో ఎక్కి ఇంటికి పో ముత్యం. నేనీడనే ఉంట."

"ఐదున్నర దాకనా?"

అతను తల ఊపాడు. ముత్యమ్మ కొంగు తల మీదికి లాక్కుని అతని పక్కనే కూర్చుంది.

చాలాసేపటికి అతను అడిగాడు, గేటు మీది నుంచి చూపు తీయకుండానే.

"సంతకం పెట్టిండా వాడు?"

అదే ఆమె కూడా ఆలోచిస్తోంది.